కోళ్ళు ఒకదాని ఈకలు ఒకటి పీకుతుంటే...



పొలం మీద వచ్చే డబ్బు ఇంటి పెద్ద లెక్కలోకి పోతుంది. పాల డబ్బు కేంద్రం వారి పుస్తకంలోకి ఎక్కుతుంది. గుడ్ల డబ్బు మాత్రం పోపులపెట్టెలోకి చేరుతుంది. పిల్లవాడి నోటుపుస్తకానికో, జ్వరం మాత్రకో, పుట్టింటికి వెళ్ళే బస్సు చార్జీకో, ఎవరినీ అడగక్కర్లేకుండా ఇల్లాలు చెయ్యిపెట్టి తీసుకునే డబ్బు అదొక్కటే. అందుకే పెరట్లో కోళ్ళకు ఏదైనా వస్తే మనకు అంత బెంగ.

ఈవేళ చెప్పబోయేది రోగం గురించి కాదు, ఒక పాడు అలవాటు గురించి. కోళ్ళు ఒకదాని ఈకలు ఒకటి పీకడం. మొదట తోక దగ్గర రెండు ఈకలు ఊడతాయి. మనం పట్టించుకోం. వారం తిరిగేసరికి వీపు బోడి అవుతుంది. ఆ తరువాత ఎర్రగా చర్మం కనిపిస్తుంది, నెత్తురు చుక్క వస్తుంది. ఆ చుక్క చూశాయంటే ఇక మిగతావన్నీ దాని మీదే పడతాయి. పొద్దున్న బాగున్న పెట్ట సాయంత్రానికి చచ్చి పడి ఉంటుంది. “దిష్టి తగిలింది” అని ఎర్రనీళ్ళు తిప్పి పారబోసేవాళ్ళు ఉన్నారు. “ఇవి మంచి కోళ్ళు కావు” అని బేరగాడు అడిగిన ధరకు గంపంతా అమ్మేసేవాళ్ళూ ఉన్నారు. రెండూ అక్కర్లేదు. కారణం కనిపెడితే ఈ అలవాటును ఇంట్లోనే మాన్పించవచ్చు.

నిజంగా పీకుతున్నాయా?

ఈక ఊడిన ప్రతి కోడినీ వేరే కోడి పీకినట్టు కాదు. ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

పెద్దకోడి ఏడాదికి ఒకసారి పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటుంది. పగటి పొద్దు తగ్గుతూ వచ్చే రోజుల్లో, అంటే వానలు వెనకబట్టే కాలంలో, ఇది ఎక్కువ. అప్పుడు తల, మెడ దగ్గర మొదలై రొమ్ముకీ, వీపుకీ, రెక్కలకీ, తోకకీ వరసగా పోతుంది. చర్మం శుభ్రంగా ఉంటుంది, గాయం ఉండదు, గుడ్లు మాత్రం ఆగిపోతాయి. దానికి కంగారు అక్కర్లేదు. కాస్త మంచి తిండి పెడితే చాలు.

పొదుగుడుకు వచ్చిన పెట్ట రొమ్ము కింది ఈకలు తనే పీక్కుంటుంది. గుడ్లకు ఒంటి వేడి తగలాలి గదా! అది తల్లితనమే గాని తెగులు కాదు.

వీపు మీదా, మెడ వెనకా మాత్రమే ఈకలు పోయి, మిగతా ఒళ్ళంతా నున్నగా ఉంటే పుంజును అనుమానించండి. పుంజు ఎక్కేటప్పుడు ముక్కుతో మెడ పట్టుకుంటుంది, గోళ్ళతో వీపు గీరుతుంది. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. నాలుగు పెట్టలకు రెండు పుంజులుంటే ఆ పెట్టల వీపు ఎన్నడూ బాగుపడదు.

ఇక కోడిపేలు, చిన్న పురుగులు పడితే కోడి తన ఈకలు తనే కొరుక్కుంటుంది. రెక్క ఎత్తి చూడండి, తోక కింద ఈకలు విడదీసి చూడండి. ఈక మొదళ్ళలో తెల్లగా గుడ్లు గుత్తులు కట్టి ఉంటే పేలే.

ఇవేవీ కాక, తోక మొదట్లోనూ, నడుము మీదా, మలద్వారం చుట్టూ ఈకలు పోయి, కొన్ని ఈకలు సగానికి విరిగి, అక్కడక్కడ నెత్తురు గీతలు కనిపిస్తే అది తోటి కోళ్ళ పనే. గూటి దగ్గర అరగంట చాటుగా కూర్చుని చూస్తే ఏది పొడుస్తోందో, ఏది పొడిపించుకుంటోందో తెలిసిపోతుంది.

ఇక్కడ ఇంకొక మాట. తిండి దగ్గర ఒక కోడి మరొకదాని తల మీద ఠక్కున పొడిస్తే అది వేరే సంగతి. నార్వే దేశపు షెల్డెరప్ ఎబ్బె అనే ఆయన చిన్నతనం నుంచీ కోళ్ళను గమనించి, వాటిలో పెద్దా చిన్నా వరస ఉంటుందని 1920ల మొదట్లో రాశారు. మన ఇళ్ళలో అత్తగారు, పెద్దకోడలు, చిన్నకోడలు అన్నట్టే అనుకోండి. వరస కుదిరాక ఒక్క చూపుతో పని జరిగిపోతుంది, రోజూ కొట్లాట ఉండదు. వరస కోసం పొడిచేది తల మీద, జుట్టు మీద. ఈకలు పీకేది వెనక నుంచి, చప్పుడు లేకుండా. మనం మాన్పించవలసింది ఈ రెండోదాన్ని.

ఎందుకు పీకుతాయి?

కోడి ముక్కుకు పని కావాలి. విడిచిపెట్టిన కోడి పగటివేళలో సగానికి పైగా నేల గీరడం, పొడవడం, ఏరుకోవడంతోనే గడుపుతుంది. పేడకుప్ప, ఆకుల చెత్త, కల్లం గడ్డి, అన్నీ దానికి పనే. ఆ పని లేకుండా నాలుగు గోడల మధ్య పెడితే ఎదురుగా ఉన్న కోడి ఈకే దానికి గరికపోచ అయిపోతుంది. అంటే ఇది పగతో చేసేది కాదు, నేల మీద చేయవలసిన పని తోటి కోడి మీద చేయడం.

అందుకే ఈ అలవాటు మన పల్లెల్లో నారుమళ్ళ కాలంలో ఎక్కువగా కనబడుతుంది. పక్కవాళ్ళ నారు గీరేస్తాయని గంపలు కమ్మేస్తాం. వానలు పడితే గూడు తలుపు తీయం. రాత్రి పడుకోవడానికి సరిపోయే గూడు పగలంతా ఉండడానికి సరిపోదు గదా! నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గూడు అనుకోండి, పన్నెండు చదరపు అడుగులు. రాత్రికి మాత్రమే అయితే పది కోళ్ళు సర్దుకుంటాయి. పగలూ రాత్రీ అందులోనే ఉండాలంటే మూడు నాలుగు కోళ్ళకు మించకూడదు. ఇరుకుకు ఉక్క తోడైతే చికాకు ఇంకా పెరుగుతుంది.

రెండో కారణం తిండి. ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తే. అందులోనూ గంధకం ఉన్న మాంసకృత్తులు దానికి ముఖ్యం. మనం పెట్టే నూకల్లో మాంసకృత్తులు నూటికి ఎనిమిది పాళ్ళు, తవుడులో పన్నెండు పాళ్ళు ఉంటాయి. గుడ్లు పెట్టే కోడికి పదహారు, పద్దెనిమిది పాళ్ళు కావాలి. బయట తిరిగే కోడి ఆ లోటును పురుగులతో, చెదలతో, నత్తలతో పూడ్చుకుంటుంది. కట్టేసిన కోడికి ఆ దారి లేదు. లోటున్న కోడి తోటిదాని ఈక పీకి మింగేస్తుంది కూడా. ఊడిన ఈకలు నేల మీద కనబడకపోతే తిండిలో ఏదో తక్కువైందని అనుమానించండి. ఉప్పు బొత్తిగా లేకపోయినా ఇదే గుణం వస్తుంది.

మూడోది వెలుతురు. గూట్లోకి ఎండ నేరుగా పడుతుంటే ఒంటి మీది ప్రతి మచ్చా, ప్రతి గాయమూ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీపం కింద పెంచే పిల్లలకు ఇది మరీ ప్రమాదం. పెద్ద బల్బు తల మీద వెలుగుతుంటే ఒకదాని కాలివేళ్ళు ఒకటి పొడుస్తాయి. మొదటి వారం పిల్లలకు 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి కావాలి, ఆపైన వారానికి ఐదేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. పిల్లలు బల్బుకు దూరంగా పోయి ముక్కులు తెరుచుకుని రొప్పుతుంటే వేడి ఎక్కువైందన్నమాట. వేడికి తగినంత చిన్న బల్బు చాలు, ఎర్రది దొరికితే మరీ మంచిది. ఎర్ర వెలుతురులో నెత్తురు అంతగా కనబడదు.

నాలుగోది కొత్త మొహాలు. సంతలో కొన్న పెట్టను తెచ్చి నేరుగా గుంపులో వదిలితే ఊరుకుంటాయా?

ఆ రోజే చేయవలసింది

నెత్తురు కనిపించిన కోడిని వెంటనే వేరు చేయండి. “సాయంత్రం చూద్దాంలే” అనకండి. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో గాయం కడిగి, తడి అద్ది, వేపనూనెలో పసుపు కలిపి రాయండి. ఈగ వాలకుండా వేపనూనె కాపాడుతుంది. గాయం లోతుగా ఉన్నా, పురుగు పడ్డా పశువైద్యశాలకు తీసుకెళ్ళండి. వాడేసిన ఇంజను నూనె, తారు, కిరసనాయిలు పూసేవాళ్ళున్నారు. అవి చర్మాన్ని కాలుస్తాయి, ముక్కుతో ఈకలు సవరించుకునేటప్పుడు కడుపులోకీ పోతాయి. వద్దు.

వేరు చేసిన కోడిని మరీ చాటున పెట్టకండి. మిగతా కోళ్ళకు కనబడేలా అల్లిక గంప కింద, నీడలో ఉంచండి. చాన్నాళ్ళు కనబడకుండా పోతే తిరిగి వచ్చినప్పుడు అది వాటికి కొత్తదే అవుతుంది, మళ్ళీ పొడుస్తాయి. గాయం పూర్తిగా ఆరాక, చీకటిపడ్డ తరువాత వాసం మీద మిగతావాటి పక్కన కూర్చోబెట్టండి.

పీకే కోడిని కూడా కనిపెట్టి విడిగా మూడు నాలుగు రోజులు ఉంచండి. ఒకదాన్ని చూసి ఒకటి ఈ విద్య నేర్చుకుంటాయి, అందుకని. అయితే దాన్ని తీసేసినంత మాత్రాన అంతా సర్దుకుంటుందనుకోకండి. నేనెరిగిన ఒకావిడకు పన్నెండు కోళ్ళు. నల్లపెట్టే పీకుతోందని గుర్తుపట్టి బేరగాడికి అమ్మేసింది. నాలుగు రోజులు బాగానే ఉంది. ఐదో రోజున ఎర్రపెట్ట మొదలుపెట్టింది. దాన్నీ అమ్మింది. తరువాత మరొకటి. చివరకు చూస్తే నల్లపెట్టలోనూ లేదు, ఎర్రపెట్టలోనూ లేదు దోషం. వానలని పది రోజులుగా గూడు తలుపు తీయలేదు, పెట్టింది ఉత్త నూకలు. మిగిలిన తొమ్మిదింటికి చుట్టూ పాత వల కట్టి పెరట్లో జాగా చూపించాక అవే సర్దుకున్నాయి. అమ్మిన మూడూ గుడ్లు పెట్టే వయసులో పోయాయి, అదీ నష్టం!

వారం రోజుల్లో చేయవలసింది

మొదటిది ముక్కుకు పని చూపించడం. వల దడిలోనైనా సరే, గూట్లోనైనా సరే, నేల మీద ఎండుగడ్డి, వరిపొట్టు, ఎండుటాకులు పరిచి అందులో గుప్పెడు గింజలు చల్లండి. గిన్నెలో పెడితే పావుగంటలో తినేసి ఊరుకుంటాయి, గడ్డిలో చల్లితే పూటంతా వెతుక్కుంటాయి. తోటకూర, మునగాకు, అవిసాకు కట్టగట్టి కోడి తలకంటే కాస్త ఎత్తులో వేలాడదీయండి. ఎగిరి ఎగిరి పీక్కుని తింటాయి. కట్టకు అయ్యే ఖర్చేమీ లేదు, పెరట్లోదే.

రెండోది తిండి దిద్దడం. కట్టేసి పెంచే పెద్ద పెట్టకు రోజుకు నూరు నుంచి నూట ఇరవై గ్రాముల మేత కావాలి. పది కిలోలు ఇంట్లోనే కలుపుకోవాలంటే ఈ లెక్క చూడండి. మొక్కజొన్న గాని జొన్న గాని నాలుగున్నర కిలోలు, తవుడు రెండున్నర కిలోలు, వేరుశనగ చెక్క ఒక కిలో, నువ్వుల చెక్క ఒక కిలో, ఉప్పు వేయని ఎండుచేపల పొడి ముప్పావు కిలో, మిగతా పావు కిలోలో గవ్వల పొడి, ఖనిజ లవణాల మిశ్రమం. పైన ముప్పై గ్రాముల ఉప్పు. నువ్వుల చెక్క ఎందుకంటే, ఈకకు కావలసిన గంధకపు మాంసకృత్తులు అందులో దండిగా ఉన్నాయి, వేరుశనగ చెక్కలో తక్కువ. వేరుశనగ చెక్క బూజు పట్టి ఉంటే ఎంత చవకైనా ముట్టుకోకండి, ఆ బూజులో విషం ఉంటుంది.

ఉప్పుచేపలే దొరికితే వేరే ఉప్పు వేయనే వేయకండి. ఉప్పు తక్కువైతే ఈకలు పీకుతాయి, ఎక్కువైతే ప్రాణమే పోతుంది. ఊరగాయ అడుగు, ఉప్పు రాళ్ళు పెంటకుప్ప మీద వేసే అలవాటు కూడా మానాలి.

బయట తిరిగి ఏరుకునే కోళ్ళకు ఇంత అక్కర్లేదు. సాయంత్రం గూటికి వచ్చేటప్పుడు తలా గుప్పెడు ఈ మేత వేస్తే చాలు. పిల్లలకు చెదలు పెట్టడం మంచిది. పాత కుండలో పేడ, తడి గడ్డి కూరి చెదలపుట్ట దగ్గర బోర్లిస్తే ఒకటి రెండు రోజుల్లో కుండ నిండా చెదలు. మేతగిన్నెలు, నీళ్ళగిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి. ఒకే గిన్నె అయితే పెద్దపెట్ట కాపలా కాస్తుంది, చిన్నది ఆకలితో ఉంటుంది.

మూడోది పురుగుల సంగతి. ఒక వెడల్పు తట్టలో పొడి ఇసుక, జల్లించిన కట్టెల బూడిద వేసి నీడలో ఉంచండి. కోళ్ళు అందులో పొర్లి పేలను చాలావరకు అవే దులుపుకుంటాయి. కాని నెత్తురు తాగే ఎర్ర పురుగులు, గోమార్ల వంటివి కొన్ని పగలు కోడి మీద ఉండవు. గూటి పగుళ్ళలో, వాసం కింద దాక్కుని రాత్రి వస్తాయి. అందుకని రాత్రి టార్చి వేసి వాసం అడుగున చూడండి. తెల్లగుడ్డతో తుడిస్తే నెత్తురు మరక అంటుకుంటే అవే. కోళ్ళను బయటికి తీసి, కర్రల మీద సలసల కాగే నీళ్ళు పోసి, పగుళ్ళు మట్టితో మెత్తి, సున్నం కొట్టండి. ఒక్కసారితో పోవు. గుడ్లు పిగిలి మళ్ళీ పుడతాయి కనుక వారం పది రోజులకు ఇంకొకసారి చేయాలి.

ఒకప్పుడు గూళ్ళలో బి.హెచ్.సి. పొడి చల్లేవారు. దాన్ని మన దేశంలో 1997లో నిషేధించారు. పాత డబ్బాలు అటకల మీద ఉంటే వాడకండి. పైరుకు కొట్టే మందు కోడికి కొట్టకండి. ఆ విషం గుడ్డులోకి వస్తుంది, ఆ గుడ్డు తినేది మన పిల్లలే. మందు తప్పనిసరి అయితే పశువైద్యుణ్ణి అడిగి, ఎన్నాళ్ళు గుడ్లు తినకూడదో కూడా తెలుసుకోండి.

తొలి గుడ్ల పెట్టల విషయం

ఇది మరీ జాగ్రత్తగా వినవలసింది. తొలిసారి గుడ్లకు వచ్చే పెట్ట గుడ్డు పెట్టినప్పుడు మలద్వారం కాసేపు బయటికి ఉబికి ఎర్రగా కనిపిస్తుంది. చాటున పెడితే అది నిమిషంలో లోపలికి పోతుంది. నలుగురి మధ్యా, వెలుతురులో పెడితే పక్కవి ఆ ఎరుపు మీద పొడుస్తాయి. పేగులు లాగేదాకా పోతే ఇక అది బతకదు. ఈకలు పీకే అలవాటులో ప్రాణం తీసేది ఎక్కువగా ఇదే.

దీనికి మందు ఒక్కటే, చాటు. నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున పాత గంపో, అంచు విరిగిన కుండో ఎండుగడ్డి పరిచి మూలన చీకటిలో పెట్టండి. ముందు గోనెపట్టా తెర కట్టండి. గుడ్లకు రావడానికి రెండు మూడు వారాల ముందే పెడితే పెట్టలకు అలవాటవుతుంది.

కొత్త కోళ్ళు, కోసిన ముక్కులు

కొత్తగా తెచ్చిన కోడిని ముందు రెండు మూడు వారాలు వేరే చోట ఉంచండి, రోగాలు ఏమైనా ఉంటే బయటపడతాయి. తరువాత కొన్నాళ్ళు గుంపు మధ్యలో అల్లిక గంప కింద పెట్టండి. చూపులకు అలవాటుపడతాయి, పొడుపులు తగలవు. ఆ పైన రాత్రివేళ గూట్లో వదలండి. ఒక్కదాన్ని కంటే రెండింటిని కలిపి వదిలితే కోపం రెండింటికీ పంచుకుపోతుంది.

మన అసీల్ జాతి పట్టుదల గలది, కొట్లాట దాని నెత్తురులోనే ఉంది. ఎదిగిన అసీల్ పుంజులను రెండింటిని ఒక గూట్లో ఉంచకండి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వారు పెరటి పెంపకానికని తీర్చిన వనరాజా, గ్రామప్రియ రకాలను ఇప్పుడు చాలామంది పెంచుతున్నారు. వనరాజా ఒళ్ళు పెద్దది. చిన్న నాటుపెట్టలతో కలిపితే మేత దగ్గర చిన్నవి వెనకబడతాయి. విడిగా గిన్నె పెట్టండి.

“ముక్కు కొన కత్తిరిస్తే సరిపోదా?” అని అడుగుతారు. పెద్ద కోళ్ళఫారాల్లో ఆ పని చేస్తారు. కాని ముక్కు మన గోరులాంటిది కాదు, లోపల నరాలున్నాయి, నొప్పి పుడుతుంది. పైగా పెరటి కోడికి ముక్కే జీవనాధారం. గింజ ఏరాలన్నా, పురుగు పట్టాలన్నా, పేను తీసుకోవాలన్నా అదే దిక్కు. కారణం ఉండగా ముక్కు కోస్తే గాయం తగ్గుతుందేమో గాని పీకాలన్న కోరిక తగ్గదు.

చివరగా ఒక్కమాట. ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా మర్నాటికి వీపు నిండదు. మొదలంటా ఊడిన ఈక మళ్ళీ పూర్తిగా రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. సగానికి విరిగిన ఈక మాత్రం ఏడాదికొకసారి ఈకలు మార్చుకునేదాకా అలాగే ఉంటుంది. కొత్తగా మొలిచే ఈక ముల్లులా ఉండి లోపల నెత్తురు నిండి ఉంటుంది. దాన్ని చూస్తే మిగతావాటికి మళ్ళీ నోరూరుతుంది. కనుక బాగుపడుతున్న రోజుల్లోనే ఎక్కువ కనిపెట్టి ఉండాలి. కొత్త గాయం లేకుండా రెండు వారాలు గడిచిందంటే అలవాటు తప్పిందని గుర్తు.

ఈకలు పోవడంతో పాటు కోడి ముడుచుకుని కూర్చుంటున్నా, మేత ముట్టకపోయినా, పచ్చగా పారుతున్నా, మెడ వంకర తిప్పుతున్నా అది ఈ అలవాటు కాదు, రోగం. ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ణి పిలవండి.

రేపు పొద్దున్న గూడు తలుపు తీసేటప్పుడు కోళ్ళు ఎన్ని వచ్చాయని లెక్కపెట్టడంతో ఊరుకోకండి. ఒక్కొక్కదాని తోక మొదలు, వీపు కాస్త చూడండి. రెండు ఈకలు ఊడినప్పుడే కనిపెడితే గుప్పెడు నువ్వుల చెక్కతో, కట్టెడు తోటకూరతో పోతుంది. నెత్తురు వచ్చాక అయితే కోడే పోతుంది.